మూడు సోలల ఉప్పు

ఉప్పు ఇంకా పడలేదు. నలగ్గొట్టి పసుపు కలిపిన ఉసిరి అయిదు కుప్పలుగా పాత పంచెల మీద ఉంది, కుప్పకు కుంచెడు, ఒక్కో కుప్ప పక్కన ఒక్కో జాడీ నోరు తెరుచుకుని ఉంది, పొద్దు బావిగట్టు మీది తుమ్మకొమ్మల్లోకి దిగుతోంది, దీపాల వేళ దాటితే ఈ ఇంట్లో ఎవరూ ఉప్పు చేతపట్టరు, అంటే ఇంకా గంట, మహా అయితే గంటంబావు. సారలమ్మ పీట మీద కూచుని, ఒడిలో ఇత్తడి సోల పెట్టుకుని, ముందున్న గంపలోని ఉప్పులోంచి నలుసులు ఏరుతోంది. అందులో నలుసులు లేవని ఆమెకూ తెలుసు. ఈ చేత్తో ఇవాళ మంగళవారం ఉప్పు వేస్తే మూడోనాడు, గురువారం, ఈ చెయ్యే జాడీల మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పాలి, ఈ చెయ్యే గింజలు తీసి, మళ్లీ దంచి, మళ్లీ జాడీలకెత్తాలి, నడుమ ఊరి పొలిమేర దాటకూడదు. గురువారం పొద్దున తొమ్మిదింటికి వరంగల్ దవాఖానలో ఆమె తోడబుట్టిన సోమక్క కడుపు కోసి గడ్డ తీస్తారు. లెక్క ఇంతే. పొద్దుటి నుంచి ఎటు తిప్పి చూసినా ఇంతే వస్తోంది. ధర్మసాగర్‌లో ఎక్కితే హన్మకొండ గంట ప్రయాణం కూడా కాదు, సీటు దొరికి కూచునేలోగా కాజీపేట వచ్చేస్తుంది, అయినా పదహారేళ్లుగా ఏ కార్తీకంలోనూ మూడోనాటి పని తీరకముందు ఆమె ఆ బస్సు ఎక్కలేదు.

నడుము లాగుతోంది. నిన్నా మొన్నా చెట్ల కిందే, పదకొండు ఉసిరి చెట్లు, కాయ నేలను తాకితే కందుతుంది, కందిన కాయ ఒక్కటి పడినా జాడీ అంతా పాడు, కాబట్టి చెట్టు కింద నలుగురు ఆడవాళ్లు దుప్పటి పట్టి నిలబడాలి, పైన కొమ్మ ఊపగానే కాయలు తలమీదా భుజాలమీదా వడగళ్లలా పడతాయి, దుప్పటి బరువెక్కి చేతులు తెగిపోతున్నట్టుంటాయి, ఎవరూ వదలరు. అంతకుముందు సీతాఫలాలు, కన్ను విచ్చిన కాయను చూసి చూసి కోయడం, అంతకుముందు జామ, చిలకలు కొరికినవి ఒక గంప, కొరకనివి ఒక గంప, ఇది అయిపోతే నిమ్మ. భాద్రపదంలో మొదలైన చాకిరీ పుష్యం దాకా తెమలదు, ఈ తోటలో చలి ముదిరేదాకా ఆడమనిషి వీపు మంచానికి ఆనదు, ఆనినా నిద్ర రాదు, కళ్లు మూస్తే కాయలే, గుండ్రంగా, ఆకుపచ్చగా, సన్నటి చారలతో, ఏరుతూనే ఉంటుంది కలలో కూడా, మంచిది ఇటు, మచ్చది అటు. అలసట అనే మాట ఆమె వాడదు, వాడితే అత్తమ్మ మొహం చిట్లిస్తుంది, అలిసేటంత ఏం చేసినవని. అది కోపంతో అనే మాట కాదు. నిజంగానే ఆ ముసలమ్మకు ఆ సంగతి తెలియదు, డెబ్బయి దాటి, రెండు కళ్లల్లో పొరలు కమ్మి, ఇవాళ కూడా పొద్దున్నే రోలు ముందు కూచుని పదిహేను సోలల ఉప్పు తడుముకుంటూ దంచింది. వేళ్ల మధ్య నలిపి చూసుకుంటుంది, ఇసుకలా ఉందా, రవ్వలా ఉందా. రవ్వలా ఉంటే ఇంకో నాలుగు పోట్లు.

గోళ్ల చుట్టూ నల్లబడింది. కాయ వగరుకే ఇలా, ఇనుముకు తగిలితే ఇంకా నల్లబడుతుంది, అందుకే ఉసిరికి ఇనుప పొన్ను లేని రోకలి వేరే ఉంది ఈ ఇంట్లో, ఉట్టి చండ్రకర్ర. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ రోకలి చూసి ఆమెకు తెలియకుండానే నవ్వొచ్చింది, హన్మకొండ కాలేజీలో ప్రాక్టికల్స్ బల్ల మీద ఇనుప లవణం, వగరు రసం, పరీక్షనాళికలో ఇంకులా నల్లటి నీళ్లు, లేడీ లెక్చరర్ చేతి గాజు ఒకటి నాళికకు తగిలి టింగుమనేది, రికార్డు పుస్తకంలో తాను ఎర్ర గీత కింద రాసిన పరిశీలన, ఫలితం. ఇక్కడ ఎవరూ ఏమీ రాయకుండానే వందేళ్ల నుంచి పొన్ను తీసి దంచుతున్నారు. ఎందుకని అడిగితే ఇనుము తగిలితే శని అన్నారు. ఆమె నవ్వు ఆపుకుంది. శని కాదు టానిన్ అని చెప్పి ఉంటే ఎలా ఉండేదో. చెప్పలేదు. ఆ ఇంట్లో ఆమె నోరు మూసుకున్న మొదటి సంగతి అదే కాబోలు, చిన్నదే, ఎవరికీ నష్టం లేనిదే, కానీ చెప్పకపోవడానికీ ఒక అలవాటుంటుంది, అది చిన్నవాటితోనే మొదలవుతుంది.

ఆ కార్తీకమే ఆమె అరచేతిలో ఉప్పు పోశారు. ఇంటి ఆనవాయితీ. కొత్త కోడలి చేతిలో చిటికెడు దంచిన ఉప్పు పోసి పిడికిలి మూయిస్తారు, అత్త ఒక పాట పాడుతుంది, పాట అయ్యాక పిడికిలి తెరిస్తే ఉప్పు పొడిగా రాలాలి, తడిసి అంటుకుంటే ఆ చెయ్యి జాడీకి పనికిరాదు. ఇంటికి ఒక్క చెయ్యే, ఇద్దరి చేతులు పడితే తొక్కు, ఆ జాడీలోని పచ్చడి, చెడుతుంది. ఆ రోజు భయానికి సారలమ్మ చేతులు చల్లగా బిగుసుకుపోయి ఉన్నాయి, ఉప్పు పిండిలా రాలింది, అత్త సమ్మమ్మ ఆ చెయ్యి పట్టుకుని అందరికీ చూపించింది. ఇరవై ఏళ్ల పిల్ల, బీయస్సీ పాసయిన పిల్ల, ఆ పొగడ్తకు పొంగిపోయింది. ఎందుకు పొంగదు. అప్పటిదాకా ఆ ఇంట్లో ఆమె గురించి అన్న మాటలు రెండే, ఒకటి సదువుకున్నదట, రెండు పాలు పిండరాదట. ఇప్పుడొక మాట దొరికింది. ఆ తర్వాత ఏటా దొరుకుతూ వచ్చింది, చుట్టాలిళ్లకు జాడీలు పోయేవి, కబుర్లు వచ్చేవి, ఇంట్లో జ్వరం వచ్చి అన్నం సయించని వాళ్లకు ఆమె తొక్కే కావాలట, కాన్పయిన వాళ్లకు ఆమె తొక్కే మొదటి ముద్దట. పొద్దున కూడా వాడకట్టు నుంచి సాయమొచ్చిన యాకమ్మ, కాయలు దంచుతూ, రోకలి ఆపకుండానే అంది, "నీ చెయ్యి కోసి జాడీల ఏసుకుంటే ఏడాదికి ఒకపారి నీ తిప్పలు గూడ తప్పుతది గద వదినె." అందరూ నవ్వారు, సారలమ్మా నవ్వింది. నవ్వాక, యాకమ్మ అన్నది జరిగిపోయి చాలాకాలమైందనిపించింది.

సోమక్క మొదటి పిల్లవాడు పోయిందీ కార్తీకంలోనే. పదమూడేళ్లవుతోంది. పదకొండు రోజుల పసిగుడ్డు, పేరు కూడా పెట్టలేదు, ఏటూరునాగారం నుంచి ములుగు దాకా జీపులో తెస్తుంటే దారిలోనే పోయాడు. కబురు వచ్చేసరికి ఇక్కడ జాడీల్లో ఉప్పు పడి రెండోరోజు. పోవద్దని ఎవరూ అనలేదు. అది గుర్తు పెట్టుకోవాలి, ఎవరూ అనలేదు. అత్తమ్మ కళ్లు తుడుచుకుంది కూడా. మూడోనాటి పని అయ్యాక పోదువులే బిడ్డా అన్నది, అంతే, ఆమె సరేనంది. నాలుగోనాడు పోయింది. సోమక్క గోడకు ఆనుకుని కూచుని ఉంది, రొమ్ముల్లో పాలు గడ్డకట్టి రవికె రెండు చోట్ల తడిసి ఉంది, చెల్లెల్ని చూసి అడిగింది, తొక్కు మంచిగ అయ్యిందా అని. దెప్పలేదు. దెప్పితే బాగుండేది. మామూలుగా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది, తాను మంచిగనే అయ్యిందక్కా అని జవాబు చెప్పింది. ఇంటికి తిరిగొచ్చాక ఆ ఏడు తొక్కు తాను తినలేకపోయింది, ఎవరూ గమనించలేదు, పెట్టిన చెయ్యి తిన్నదా లేదా అని ఎవరు చూస్తారు.

పొద్దు తుమ్మకొమ్మల కిందికి జారింది. జామచెట్టు నీడ సాగి సమ్మమ్మ నులకమంచం మీదికి వచ్చింది. ముసలమ్మ పడుకునే ఉంది, పడుకుని వింటూ ఉంటుంది, కళ్లు పోయాక ఆమె వినికిడి పెరిగింది. బావి దగ్గర యాకమ్మ వాళ్లు గంపలు కడుగుతున్న చప్పుడు, మొగిలమ్మ గిలక చప్పుడు. మొగిలమ్మ మరిది రాయమల్లు భార్య, సారలమ్మకు యారాలు, ఎనిమిదేళ్లు చిన్నది. నీళ్లు చేదడం, జాడీలు బొగ్గుపొగ వేసి ఎండబెట్టడం, పంచెలు ఉతకడం, చెత్త ఎత్తడం మొగిలమ్మ పనులు. కాయ నలిగిందంటే ఇక ఆమె దగ్గరికి రాదు. రావద్దని చెప్పే అవసరం ఎవరికీ రాదు, తానే పదడుగుల దూరంలో ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుని, నీళ్లేడ పెట్టుమంటవక్కా అని అడుగుతుంది.

శుక్రవారం సోమక్క వచ్చి ఈ పీట మీదే కూచుంది. దవాఖానలో చూపించుకుని తిరిగిపోతూ, మొగుణ్ని బస్టాండులో కూచోబెట్టి, తానొక్కతే వచ్చింది. మొహం సున్నంలా ఉంది, నెలకు పదిహేను రోజులు రక్తం పోతే ఇంకెలా ఉంటుంది. మజ్జిగ తాగి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని చెప్పింది, "మీ బావ ఉంటడు గని సారలా, ఆయనకు జెప్పుకునే నొప్పా ఇది. లోపటికి తీస్కపొయ్యేటప్పుడు జర నీ మొకం కనపడాలె. గంతే." ఎప్పుడని అడిగితే గురువారం అంది. అలా అంటూనే తలెత్తి చెట్ల వైపు చూసింది, కొమ్మలు వంగేలా కాయ, చూసి ఆగిపోయింది, మొహంలో ఏదో తలుపు మూసినట్టయింది. "అయ్యో ఉసిరికాయ దినాలు గద. మరిచిన్నే. ఫికర్ చెయ్యకు, పని చూసుకో నువ్వు." గ్లాసు కింద పెట్టి, తనే కొంగుతో పీట తుడిచి లేచింది. అక్క వెనకాల గేటు దాకా నడుస్తూ సారలమ్మ వస్తాననలేదు, రాననీ అనలేదు. అదే ఇప్పుడు లోపల తిరుగుతోంది, ముల్లు ఎక్కడుందో తెలియకుండా కాలు కలుక్కుమన్నట్టు. తానేమీ అనకముందే ఆ మనిషి తనను వదిలేసింది. పదమూడేళ్ల కింద ఒకసారి చూసుకుంది కదా, చెల్లెలికి ఏది ముందో.

వెంకట్రాజం పొద్దున ఎంత నెమ్మదిగా చెప్పాడు. పెళ్లాం మీద చెయ్యెత్తే మనిషి కాదు, గొంతెత్తే మనిషి కూడా కాదు, పళ్లు తోముకుంటూ తీరిగ్గా చెప్పాడు, "మూడోనాడు పొద్దుగాల్నే తిరగదంచి పోరాదు, పొద్దుమీకి చేరుతవ్. కోసేది డాక్టర్లు, నువ్వు ఆడ నిలబడి చేసేదేముంది?" ఆ మాట న్యాయమైందే. న్యాయమైన మాటలకు జవాబు వెతకడంలోనే ఆమె జీవితం సగం గడిచింది. చేసేదేమీ లేదు. తొమ్మిదింటికి ఒక తెల్లటి తలుపు తెరుచుకుంటుంది, చక్రాల బండి మీద సోమక్క, పచ్చటి దుప్పటి, తల అటూ ఇటూ తిప్పి చూస్తుంది, వరండాలో ఎవరెవరో, బావ బీడీ ఆర్పి లేచి నిలబడతాడు, ఆ వెనక ఎవరూ లేరు, తలుపు మూసుకుంటుంది. ఆ ఒక్క చూపు. అంతకు మించి ఆమె అక్కడ చేసేది నిజంగా ఏమీ లేదు. ఆ చూపుకు బదులు ఇక్కడ ఏముంటుంది, అయిదు జాడీలు. పోనీ ఇవాళ ఉప్పు తగ్గించేస్తే, కుప్పకు మూడు సోలలకు బదులు రెండే వేసి కలిపేస్తే, మాఘానికల్లా బూజు పడుతుంది, ఆ చేతికి వాసి పోయిందంటారు, వచ్చే ఏటి నుంచి ఎవరూ పిలవరు, హాయిగా ఏ కార్తీకంలో ఏ బస్సయినా ఎక్కవచ్చు. కానీ అది వచ్చే ఏడు. ఈ గురువారం సంగతి మారదు. పైగా, అబద్ధం మీద ఇంకో అబద్ధం. మొదటిది ఇంకా అలాగే ఉంది.

మొదటిది. దాని దగ్గరికి పోకుండా పొద్దుటి నుంచి చుట్టూ తిరుగుతోంది, నలుసులు ఏరుతోంది, నడుమునొప్పి తలచుకుంటోంది, కాలేజీని తలచుకుంటోంది. ఏడేళ్ల కింద ఆమె మూడో పురిటి గదిలో ఉన్నప్పుడు, మూడోది కూడా ఆడపిల్లే, ఇల్లంతా గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నప్పుడు, కాయ రాలిపోతోంది, సమ్మమ్మకు చలిజ్వరం, లేవలేదు, పురిటామె చెయ్యి ఉప్పుకు తగలకూడదు, మిగిలింది కాపురానికొచ్చి ఏడాది కూడా కాని మొగిలమ్మ. ఆమె పిడికిట్లో ఉప్పు పోసినప్పుడు కొంచెం తడిసిందే, పొలం నుంచి అప్పుడే వచ్చిన పిల్ల, చేతులకు చెమట ఉండదా, అయినా గత్యంతరం లేదు. ఆ పిల్ల గడప అవతల నిలబడి భయంగా అడిగింది, అక్కా ఉప్పెంత అని. మంచం మీది నుంచి తాను చెప్పింది, కుంచెడు కాయకు మూడు సోలలు అని. అంతే చెప్పింది. దంచిన ఉప్పు అని చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు. ప్రతి ఏడూ పొద్దున్నే అత్తమ్మ దంచి గంపలో పెడుతుంది, ఆ ఏడు అత్తమ్మ జ్వరంలో ఉంది, మొగిలమ్మ బస్తా మూతి విప్పి గాజుపెంకుల్లాంటి దొడ్డు ఉప్పు సోలతో కొలిచి వేసింది. రాళ్లకూ రాళ్లకూ మధ్య ఎంత సందు. దంచినప్పుడు సోలలో పట్టేదాంట్లో ముప్పాతిక వంతు కూడా పట్టదు. మాఘంలో వాసెన విప్పితే మూడు జాడీల్లో తెల్లటి బూజు పిల్లి వెంట్రుకల్లా లేచి ఉంది, వాసన కొట్టం దాటింది, మూడూ పెంటబొందలో పోశారు. ఇది ఆ చేతి మహిమ అన్నారు, ముందే ఉప్పు తడిసిందిగా అన్నారు. సారలమ్మ మొగిలమ్మను పక్కకు పిలిచి ఏ ఉప్పు వేసినవని అడిగింది, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో ఆ పిల్ల బస్తాలదే అక్కా అంది. ఆ క్షణంలో తెలిసిపోయింది, లెక్కతో సహా. నోరు తెరవబోయింది. అప్పుడే సమ్మమ్మ గడపలోంచి, చేతికర్ర మీద ఆనుకుని, మూడు నెలల నుంచి ఆ గది వైపు సరిగా చూడని మనిషి, చూసి అంది, "నీ చెయ్యే చెయ్యి బిడ్డా. ఇంటికి నువ్వు లేకపోతే లేదు." తెరిచిన నోరు మూసుకుంది. చల్లటి నీళ్లు తాగినట్టుంది ఆ మాట. ఒక్క రోజు ఉంచుకుందామనుకుంది ఆ మాటను. రేపు చెబుదాం. తర్వాత ఎల్లుండి.

ఏడేళ్లు. ఒకసారి ఆడబిడ్డ కూతురి పెళ్లిలో పసుపు దంచుతున్నారు, ముత్తయిదువులందరూ తలో పోటు వేస్తున్నారు, రోకలి వరసగా చేతులు మారుతూ మొగిలమ్మ దాకా వచ్చింది, ఎవరూ ఏమీ అనకముందే మొగిలమ్మ పక్కకు జరిగి, నాకు కళ్లు మంటగున్నయంటూ లోపలికి పోయింది. ఆమె జరిగిన ఆ ఒక్క జానెడు సారలమ్మకు ఇప్పటికీ కనిపిస్తుంది. వడియాలు పెట్టేటప్పుడు గిన్నె అందిస్తుంది గానీ పిండి తాకదు. తన పిల్లల పుట్టినరోజుకు పాయసంలో చక్కెర కూడా సారలమ్మనే వెయ్యమంటుంది, నువ్వెయ్యక్కా నీ చెయ్యి మంచిది అని. వేసింది. ప్రతిసారీ వేసింది. ఉప్పుకూ చక్కెరకూ, చేతికీ వాసికీ ఏ సంబంధమూ లేదని ఆ ఇంట్లో తెలిసిన ఒకే ఒక్క మనిషి తాను, ఆ మనిషే దాన్ని ఏడేళ్లు కాపాడింది, జాడీ కంటే భద్రంగా, వాసెన కట్టి. మొగిలమ్మ చేతిని కట్టేసిన తాడు రెండో కొస తన చేతికే ఉందని ఇవాళ దాకా తెలియలేదు. తెలియలేదా. ఇంత గట్టిగా లాగితే తప్ప ఒప్పుకోలేదు, అంతే. అలసిపోయింది. కాయలు దంచి కాదు, దుప్పటి పట్టుకుని కాదు. ఎంత నిద్రపోతే ఇది పోతుంది. ఉప్పు వేళ్ల మధ్య నుంచి గంపలోకి రాలుతోంది, ఇసుకలా ఉంది, అత్తమ్మ బాగానే దంచింది, పొడిగా ఉంది చెయ్యి, ఎప్పుడూ పొడిగానే ఉంటుంది దిక్కుమాలిన చెయ్యి.

"ఉప్పు పడ్డదా బిడ్డా?" మంచం మీది నుంచి సమ్మమ్మ. "పొద్దు పోతాంది."

"పడలే అత్తమ్మా."

"ఏం చూస్తానవ్ మరి?"

మొగిలమ్మ బిందె చంకన పెట్టుకుని వచ్చి, ఎప్పటిలా పదడుగుల దూరంలో ఆగింది. చీర కుచ్చెళ్లు తడిసి పిక్కలకు అంటుకున్నాయి. సారలమ్మ ఆమె వైపు చూసింది, మాట వంటింట్లో పని పురమాయించినట్టే వచ్చింది, "మొగిలీ, చేతులు కడుక్కొని రా. ఉప్పు నువ్వెయ్యి."

మొగిలమ్మ హాస్యమనుకుని నవ్వింది. "పరాష్కమా అక్కా. నేనేసింది పెంటబొందల పోసిన్రు, మరిచినవా?"

మరిచిపోలేదని చెప్పింది సారలమ్మ. అది నీ చెయ్యి కాదు, ఉప్పు దంచకపోవడం అని చెప్పింది. మూడు సోలలంటే దంచిన ఉప్పు మూడు సోలలు, దొడ్డు ఉప్పయితే నాలుగుకు పైనే కావాలి, పురిటి మంచం మీది నుంచి ఆ మాట చెప్పనిది తానేనని, నీ చెమటకూ బూజుకూ సంబంధం లేదని, వరసగా, ఒకదాని తర్వాత ఒకటి, ఎక్కడా ఆగకుండా చెప్పింది, ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు. చెబుతున్నంతసేపూ చూపు బిందె మీదే ఉంది, బిందె అంచు నుంచి నీళ్లు ఒక్కొక్క చుక్కే మొగిలమ్మ పాదం మీద పడుతున్నాయి. మంచం నులక కిర్రుమంది, సమ్మమ్మ లేచి కూచుంది.

"ఎప్పటి సంది ఎరుక నీకు?" మొగిలమ్మ గొంతు మామూలుగానే ఉంది.

"ఆ మాఘం సంది."

బిందె కిందికి దిగింది. సమ్మమ్మ గొణిగింది, ఏడేండ్లాయె, అప్పటి ముచ్చట ఇప్పుడెందుకే అని. మొగిలమ్మ ముసలామె వైపు తిరగకుండానే, "నీకు ఏడేండ్లే అత్తా" అంది. పొద్దు ఇంకా తుమ్మచెట్టు మొదలు కూడా దాటలేదు. సారలమ్మకు ఏడుపు వస్తే బాగుండుననిపించింది, రాలేదు, ఏడిస్తే అది కూడా తన కోసమే అవుతుంది. చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది. గురువారం నేనుండనని చెప్పింది, రేపు సాయంత్రం బస్సుకు వరంగల్ పోతున్నానని, సోమక్కను లోపలికి తీసుకుపోయేటప్పుడు అక్కడ ఉండాలని, మూడోనాటి పని కూడా నీ చేతిదేనని.

"గందుకా చెప్తానవ్," అంది మొగిలమ్మ. "పొయ్యే పని లేకుంటే చెప్పకపోదువు."

"చెప్పకపోదును."

ఆ జవాబు విని మొగిలమ్మ మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. క్షమించినట్టు ఏమీ లేదు ఆ చూపులో, కొట్టాలన్నట్టూ లేదు, కొత్త మనిషిని ఎగాదిగా చూసినట్టుంది. తర్వాత వంగి బిందెలోని నీళ్లు దోసిట పట్టి చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా, గోళ్ల సందుల దాకా, ఒకసారి, రెండోసారి, కొంగుతో తుడుచుకుని, గాలికి ఆరేదాకా రెండు చేతులూ ముందుకు చాపి నిలబడింది. సమ్మమ్మ పొద్దుదిక్కు తల తిప్పి, ఆ వెలుతురు మాత్రం ఆ కళ్లకు తెలుస్తుంది, విసుగ్గా అంది, "పొద్దు పోతాందే. ఎవరో ఒకరు ఎయ్యిండ్రి." పదహారేళ్లు. ఎవరో ఒకరు. సారలమ్మ పీట మీది నుంచి లేవబోతే నడుము పట్టేసింది, చేత్తో నేల ఊతం పట్టి లేచింది, సోల ఇచ్చింది. మొగిలమ్మ పీట మీద కూచుని గంప దగ్గరికి లాక్కుంది.

"కుంచెడుకు ఎన్ని?"

"మూడు సోలలు."

"దొడ్డుదా, దంచిందా?"

"దంచింది."

మొగిలమ్మ సోల ఉప్పులో గుచ్చి, తియ్యకుండా ఆగింది. "అత్తకు ఇనపడలే. బాయికాడి వాళ్లకు గూడ ఇనపడలే. జర గట్టిగ చెప్పు."

బావి దగ్గర యాకమ్మ వాళ్లు ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ గంపలు బోర్లిస్తున్నారు. రేపు ఉదయానికి ఇది వాడకట్టు దాటుతుంది, ఎల్లుండికి జాడీలు పోయే ప్రతి ఇంటికీ పోతుంది, ఏడేళ్లు దాచిందట, సదువుకున్నామెనట. సారలమ్మ బావి వైపు తిరిగింది. గొంతు పెంచి మాట్లాడటం మరిచిపోయి ఎన్నేళ్లయిందో, మొదటి మాట బొంగురుగా వచ్చింది, దగ్గి మళ్లీ మొదలుపెట్టింది, "దంచిన ఉప్పు మూడు సోలలు. అప్పుడు దంచాలని చెప్పనిది నేను. మొగిలి చెయ్యి మంచిదే."

గంపల చప్పుడు ఆగింది. మొగిలమ్మ సోల పైకెత్తి, అంచుకు ఎక్కువైన ఉప్పును వేలితో చదును చేసి, మొదటి కుప్ప మీద వంచింది.